ఇంటి పెద్దని అడిగాం

మా పాప గట్టిగా మాట్లాడడం మానేసిందని నాకు అజ్మాన్ బీచ్‌లో తెలిసింది.

అప్పటికి తనకి ఐదేళ్లు. శనివారం సాయంత్రం ఇసుకలో కూర్చున్నాం. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆడుకుంటున్నదల్లా లేచి నా దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, దాహమేస్తోందని గుసగుసగా చెప్పింది. గట్టిగా చెప్పమ్మా, ఇక్కడెవరున్నారు అన్నాను. వేలు పెదవుల మీద పెట్టుకుని, "అంకుల్ పడుకున్నారు" అంది. సముద్రం ఒడ్డున ఏ అంకులూ లేడు. మా గది గోడకి అవతల ఉన్నాడు.

ఆ ఫ్లాటులో మేం మూడు కుటుంబాల వాళ్లం ఉండేవాళ్లం. పక్క గదిలో ఉన్నాయన రాత్రంతా సెక్యూరిటీ డ్యూటీ చేసి పొద్దున వచ్చి సాయంత్రం దాకా పడుకునేవాడు. పాప గట్టిగా నవ్వితే గోడ మీద తట్టేవాడు. ఆయన్ని తప్పుపట్టను. అలసిపోయి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. కానీ నా కూతురు మాటలు నేర్చుకుంటూనే వాటిని మింగడం కూడా నేర్చుకుంది. అదే నాకు మింగుడుపడలేదు.

నేను నర్సుని. రువైస్ వెళ్లే దారిలో, ఎటు చూసినా ఇసుకా పైపులూ తప్ప ఏమీ కనపడని చోట, ఒక ప్లాంటు క్లినిక్‌లో పని. వారమంతా అక్కడి లేడీస్ హాస్టల్లో ఉండి, శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ బస్సులో అబూధాబీ చేరి, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని అజ్మాన్ వచ్చేదాన్ని. మా ఆయన అజ్మాన్‌లోనే ఏసీ మెకానిక్. పాపని స్కూలుకి పంపేది, తీసుకొచ్చేది, అన్నం పెట్టేది ఆయనే. ఆయన రావడం ఆలస్యమైతే మూడో గదిలో ఉండే పిన్నిగారు చూసుకునేవారు. ఆవిడది రాజోలు వైపు. పొద్దున నాలుగిళ్లలో వంట చేసి వచ్చి, మధ్యాహ్నం మా పాపకి పెరుగన్నం కలిపి పెట్టేవారు. మా ఇద్దరికీ అక్కడ చుట్టమంటే ఆవిడే.

మా ప్లాంటు దగ్గర ఒక ఫ్యామిలీ కాలనీ ఉంది. ఆ ప్రాంతంలో పనిచేసే నాలుగైదు కంపెనీలు కలిసి నడుపుతాయి. తక్కువ అద్దె, జీతంలోంచే కోసుకుంటారు. స్కూలు బస్సు గుమ్మం ముందుకే వస్తుంది. ఏ కంపెనీ మనిషైనా ఒకే ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. అందరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి. సర్వీసు, పిల్లలు, ఇప్పుడుంటున్న ఇంటి పరిస్థితి అన్నీ చూసి వరసలో పెడతారని చెప్పేవారు. బీచ్ నుంచి వచ్చాక సోమవారమే నేను ఆ ఆఫీసుకి వెళ్లాను. కరోనా కాస్త తగ్గి, మాస్కులు గడ్డం కిందికి జారిన రోజులవి.

కౌంటర్‌లో కూర్చునేది మన తెలుగాయనే, జగిత్యాల వైపు మనిషి. నా కాగితాలు చూసి మర్యాదగానే మాట్లాడాడు.

"గిది ఫ్యామిలీ కేస్ గాదు గద సిస్టర్. లేడీస్‌కు హాస్టల్ ఉన్నది."

"పెళ్లయింది, పాప ఉంది. ఫ్యామిలీ కాకపోతే ఇంకేంటన్నా?"

"ఉన్నరు. గని ఫ్యామిలీ అంటె ఆయన పేరు మీద పెడతరు. ఆయన ఈడ పని చేస్తలేడు."

పాప వీసా తీసి చూపించాను. దాన్ని తెచ్చుకున్నది నా వీసా మీదే. ఆయన కంపెనీలో ఆయనకి బెడ్ స్పేస్, అంటే నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచం, తప్ప ఇంకేం ఇవ్వరు. గుమాస్తా వీసాని అటూ ఇటూ తిప్పి, లోపలికెళ్లి మేనేజర్ని అడిగి వచ్చాడు. పెట్టుకోవచ్చన్నాడు. కానీ ఇంటి పెద్ద అన్న చోట భర్త పేరు, భర్త ఫోన్ నంబరు రాయాలన్నాడు.

"ఉద్యోగం నాది, అద్దె కోసేది నా జీతంలో. పెద్ద ఆయనెలా అవుతాడు?"

నవ్వాడు. "ఆ డబ్బా ఖాళీ ఉంటె సిస్టమ్ ముందుకు పోదు సిస్టర్. పేరుకే గద."

పేరుకే అన్నాడు కాబట్టి రాశాను.

ఆ తర్వాత ఎదురుచూడడం మొదలైంది. మా క్లినిక్‌లోనే నా తర్వాత చేరిన మేల్ నర్సుకి ఇల్లు వచ్చింది. అతని భార్య అప్పటికి దేశంలో అడుగుపెట్టనే లేదు. వస్తోందని చెప్పాడు, వచ్చేలోపు తాళం చేతికిచ్చారు. సంతోషంగా డబ్బాలో పాయసం తెచ్చి అందరికీ పంచాడు. నేనూ తిన్నాను. మంచి కుర్రాడు, అతన్నేమీ అనలేను. గుమాస్తాని అడిగితే మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు: "ఇన్షా అల్లా, అయితది సిస్టర్. ఓపిక పట్టున్రి." నా ఓపిక సంగతి ఆయనకెలా తెలుసో నాకర్థం కాలేదు. బస్సు కిటికీకి తల ఆనించి వెనక్కి వెళ్లే ప్రతి ఆదివారం అది కొంచెం కొంచెం అరిగిపోతూనే ఉంది.

రెండేళ్లు గడిచాయి. ఒక ఉదయం ఆ గుమాస్తాయే తల తిరుగుతోందని క్లినిక్‌కి వచ్చాడు. కూర్చోబెట్టి బీపీ చూస్తున్నాను. పట్టీ చేతికి చుట్టి గాలి కొడుతూ, అలవాటుగా అడిగాను, నా ఇంటి సంగతేంటని.

ఆయన తలెత్తి వింతగా చూశాడు. "మీరే వద్దన్నరు గద సిస్టర్."

"నేనా? ఎప్పుడు?"

"రంజాన్ కన్న ముందుగాల. వన్ బెడ్‌రూమ్ ఖాళీ అయింది. మంచిగ ఉండె, రెండో అంతస్తు. ఫోన్ చేసి ఇంటి పెద్దనడిగినం. ఆయన వద్దన్నడు."

గాలి కొట్టడం ఆపేశాను. పట్టీ అలాగే బిగిసి ఉంది. "నేను ఈ కాంపౌండ్‌లోనే ఉంటాను అన్నా. మీ కిటికీలోంచి చూస్తే మా క్లినిక్ తలుపు కనిపిస్తుంది. నన్నెందుకు అడగలేదు?"

"కాగితంల ఆయన నంబరే ఉండె. ఆయన చెప్పినంక మీకు తెల్వదని మేమెట్లనుకుంటం?" గొంతు కొంచెం తగ్గించి అన్నాడు. "ఒక్కసారి వద్దంటె పేరు ఆఖరుకు పోతది. రూలు."

పట్టీ వదిలేసి మళ్లీ మొదటినుంచీ చూశాను. బీపీ బాగానే ఉంది. నీళ్లు ఎక్కువ తాగమని చెప్పి పంపాను. తర్వాత మందుల గదిలోకెళ్లి తలుపు వేసుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. రెండేళ్లుగా నేను అడుగుతున్న ఇంటిని, నన్ను అడగకుండా, అక్కడ ఉద్యోగమే లేని మనిషి ఒక ఫోన్ మాటతో వదిలేశాడు. వీళ్లు దాన్ని సక్రమంగా రాసి పెట్టుకున్నారు. ముందు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తేల్చుకోలేకపోయాను.

ఆ శుక్రవారం సాయంత్రం అజ్మాన్ చేరేసరికి మా ఆయన గదిలో పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు. పాప నేల మీద రంగులు వేస్తోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"హౌసింగ్ వాళ్లు ఫోన్ చేశారా మీకు?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "చేసేరు."

"ఏం చెప్పారు?"

"ఇప్పుడు కుదరదని చెప్పేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వెళ్లిపోదామంటావు." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, అందులో తప్పుందని ఆయనకి నిజంగానే తోచలేదు. "నా పని ఇక్కడ. ఆ ఎడారిలోకొచ్చి నేనేం చెయ్యాలి? గేటు దగ్గర ఎవరింటికి అని అడిగితే, నర్సమ్మగారింటికి అని చెప్పుకోవాలా?"

"చెప్పుకుంటే ఏం పోతుంది? నేను హాస్టల్లో ఆరుగురితో ఒక బాత్రూం వాడుకుంటూ ఎవరికేం చెప్పుకుంటున్నాను?"

"నిదానంగా ఆలోచించు."

"పాప గుసగుసలు తప్ప మాట్లాడ్డం లేదు. గమనించారా అసలు?"

"నెమ్మదస్తురాలు. మంచిదే కదా."

అప్పుడు నాకు తట్టింది, మేం పోట్లాడుకుంటున్నది కూడా గుసగుసలతోనే. అవతల ఆయన పడుకున్నాడు మరి. నా జీవితంలో అంత పెద్ద కోపం వచ్చినప్పుడు కూడా గొంతు అణుచుకుని, గోడకి భయపడి మాట్లాడుతున్నాను. ఇక అణుచుకోలేదు. అరిచాను. ఏమన్నానో అంతా గుర్తులేదు. ఆ ఇల్లు నాది, నా పనికిచ్చిన ఇల్లు, దాన్ని వదిలే హక్కు మీకెవరిచ్చారు అన్నది మాత్రం గుర్తుంది. పాప రంగుపెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

పక్క గది తలుపు తెరుచుకుంది. నిద్రమొహంతో ఆయన బయటికొచ్చి, నన్ను చూసి, వంటగదిలోకెళ్లి నీళ్లు పట్టుకున్నాడు. పిన్నిగారు వచ్చి పాపని ఎత్తుకున్నారు.

"ఏం జరిగిందమ్మా?"

"ఇల్లొస్తే వద్దన్నారంట పిన్నిగారూ. నాకు చెప్పకుండా."

ఆవిడ మా ఆయన వైపు చూశారు. "నిజమేనా బాబూ?"

"ఆయ్" అన్నాడు తలొంచుకుని.

"మరి అరవదా?" అని, పాపని తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆదివారం దాకా మేమిద్దరం పాప అవసరాల గురించి తప్ప మాట్లాడుకోలేదు. సోమవారం పొద్దున హౌసింగ్ ఆఫీసు తెరిచేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. ఇంటి పెద్ద పేరు మార్చాలన్నాను, నా పేరు రాయమన్నాను.

గుమాస్తా ఇబ్బందిగా కదిలాడు. "అట్ల చేస్తె సింగిల్ అయితరు సిస్టర్. ఫ్యామిలీ లిస్టులకెళ్లి పోతరు."

"అయితే మీ ముదీర్‌ని కలుస్తాను."

ముదీర్ అంటే ఆ ఆఫీసు మేనేజర్. పెద్ద వయసాయన, అరబ్బీ యాసతో హిందీ మాట్లాడేవాడు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, అంతా విన్నాడు. ఇల్లు కుటుంబానికిస్తాం కదా సిస్టర్, తండ్రిని అడగకుండా ఎలా ఇస్తాం అన్నాడు. తల్లిని అడగకుండా ఎలా తీసేశారు అన్నాను. నవ్వి, రేపు మీ ఆయన వచ్చి గొడవ చేస్తే నేనేం చెప్పాలి అన్నాడు.

"ఇప్పుడు నేనొచ్చి గొడవ చేస్తున్నాను. నాకేం చెబుతారో చెప్పండి."

ఆయన చాయ్ పక్కకు జరిపాడు. ఖలాస్, ఇక చాలు, చూద్దాం, మీరు డ్యూటీకి వెళ్లండి అన్నాడు. ఆ "చూద్దాం" ఎన్నాళ్లదో నాకు తెలుసు. అందుకే మధ్యాహ్నం హాస్టల్‌కి వెళ్లి, మాలో పెళ్లయి పిల్లలున్న వాళ్లందరినీ ఒకే ప్రశ్న అడిగాను: మీరు దరఖాస్తు పెట్టారా అని. ఒక్కరూ పెట్టలేదు. లేడీస్‌కి ఇవ్వరని కౌంటర్‌లోనే చెప్పి పంపేశారట. ల్యాబ్‌లో పనిచేసే మలయాళీ ఆవిడకి ఇద్దరు కొడుకులు, భర్తతో షార్జాలో ఉన్నారు. ఆవిడ ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి ఊరుకుంది. నా కథ విన్నాక ఆ వారమే వెళ్లి పెట్టింది. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మరికొందరు. అందరం ఇంటి పెద్ద చోట మా పేర్లే రాశాం. గుమాస్తా తీసుకోనంటే, తీసుకోనని రాసివ్వమన్నాం. రాసివ్వలేదు, తీసుకున్నాడు. మాలో ఇద్దరం అబూధాబీలోని మా కంపెనీ హెడ్డాఫీసుకి కూడా మెయిల్ పెట్టాం.

కొన్ని నెలలకి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. దరఖాస్తుదారుల సౌకర్యార్థం ఇకమీదట ఫోన్ ఉద్యోగికే చేస్తామని అందులో ఉంది. సౌకర్యార్థమట. జరిగినదాని గురించి ఒక్క ముక్క లేదు. నా పాత వరస నాకు తిరిగివ్వమని అడిగితే అది కుదరదన్నారు. వద్దన్నట్టు రాసేశారు కాబట్టి వద్దన్నట్టే. నేను అడుగునుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ పిలుపు వచ్చినప్పుడు నాకు చేరి ఉంటే పాప రెండో తరగతి ఆ ఇంటినుంచే చదివేది. ఆ ఏడాదిని ఏ ఆఫీసూ వెనక్కివ్వదు.

పోయిన వేసవిలో ఇల్లొచ్చింది. కింది అంతస్తు, వెనక పక్క, మధ్యాహ్నం దాకా ఎండ తప్ప గాలి రాదు. ఫోన్ నాకే చేశారు. మాట పూర్తికాకముందే సరేనన్నాను. పాప స్కూలు మార్చడానికి తండ్రి సంతకం కావాలంటే మా ఆయన మారుమాట్లాడకుండా పెట్టాడు. సామాన్లు కట్టడానికీ, ఏసీ బాగుచేయడానికీ ఆయనే వచ్చాడు. పిన్నిగారు మాత్రం పాప బట్టలు మడతపెడుతూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

మా ఆయన ఇప్పుడు అజ్మాన్‌లో కంపెనీ వాళ్లిచ్చిన బెడ్ స్పేస్‌లో ఉంటున్నాడు. శుక్రవారం వస్తాడు, ఆదివారం వెళ్తాడు. అంతకుముందు నేను చేసిన ప్రయాణమే, ఎదురు దిక్కులో. ఒకసారి బస్సు దిగి వచ్చి, నడుం పట్టేసిందని మంచం మీద వాలి, "ఇంత దూరం ఎలా వచ్చేదానివి?" అని అడిగాడు. చాలా ఏళ్ల ముందు అడగాల్సిన ప్రశ్న అది.

నాకు తెలిసినవాళ్లు చాలామంది అంటారు, మంచివాడు కదా, పిల్లని కళ్లలో పెట్టుకుని పెంచాడు కదా, ఒక్కమాట పోనీలే అని. మంచివాడే, కాదనను. ఆ మంచితనం ఉండగానే ఆ పని చేశాడు. ఆ ఆఫీసువాళ్లూ చాయ్ ఇచ్చి కూర్చోబెట్టిన వాళ్లే. నా మీద కేకలేసిన వాళ్లు ఈ మొత్తంలో ఒక్కరూ లేరు. అందరూ నెమ్మదిగా, మర్యాదగా నన్ను పక్కన పెట్టి నా సంగతి మాట్లాడుకున్నారు.

మొన్న ల్యాబ్‌లో పనిచేసే ఆవిడకి కూడా ఇల్లొచ్చింది, మా ఎదురు బ్లాకులో. పిల్లలిద్దరితో దిగిపోయి, సామాన్లు సర్దుతూ సర్దుతూ టీకి మా ఇంటికొచ్చింది. మీ ఆయన కోపం పోయిందా అని హిందీలో అడిగింది.

"ఆయనకి కోపం ఎప్పుడూ రాలేదు. వచ్చింది నాకు" అన్నాను.

"మరి నీది పోయిందా?"

లేదన్నాను. ఆవిడ తలూపి, ఇంకో బిస్కెట్ తీసుకుని, గ్యాస్ సిలిండర్ కోసం ఎవరికి ఫోన్ చేయాలో చెప్పమంది.