హనీఫ్ గారమ్మాయి స్పెషలైజేషన్

తెనాలిలో మా కాలేజీలో ఎంబీఏ పిల్లలకు నేను ఆపరేషన్స్ చెబుతాను. ఏ పని ఎప్పుడు, ఏ వరసలో చేస్తే సరుకు పాడవకుండా, మనుషులు విసుక్కోకుండా పూర్తవుతుందో చెప్పే చదువు అది. స్పెషలైజేషన్ ఎంచుకునే వారం వచ్చిందంటే పిల్లలంతా ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్ అంటూ పరుగెడతారు. నేనెదురైతే తల వంచుకుని పోతారు. పదకొండేళ్లుగా అలవాటే అయినా ఏటా నాకు ఒళ్లు మండుతుంది.

ఈసారి ఆశంతా ఆస్మా మీద పెట్టుకున్నాను. రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చే పిల్ల. తండ్రి హనీఫ్ పెళ్లిళ్లకు బిర్యానీ వండే మాస్టారు. నేను లెక్క బోర్డు మీద వేసేలోపే జవాబు చెప్పేది. అలాంటిది శుక్రవారం నా దగ్గరికొచ్చి, "హెచ్ఆర్ తీసుకుంటానండి మేడమ్" అంది.

"నీకిష్టమా?"

"నాన్నకిష్టమండి. ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగమని ఎవరో చెప్పారంట. నన్ను పొయ్యి పొగ దగ్గరికి రానివ్వనని ఆయన పంతం. సోమవారం ఫారం ఇచ్చెయ్యాలి కదండీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా తండ్రీకూతుళ్ల మధ్య దూరడానికి నేనెవర్ని?

ఆ ఆదివారం వాళ్ల వీధిలో పెళ్లికి రమ్మని పిలిచింది. హనీఫ్ గారి బిర్యానీ వదులుకునేంత వైరాగ్యం నాకింకా రాలేదు. వెళ్లాను.

వరుడిది బాపట్ల. హనీఫ్ గారి పద్ధతి ఏమిటంటే, మొదటి బంతి కూర్చున్నాకే రెండో బిర్యానీ డేగిసా దమ్ముకు పెడతారు. పిండితో మూత అంచు మూసి, పైన నిప్పులు పోశాక ఇక ఆలస్యం పనికిరాదు, అన్నం ముద్దయిపోతుంది. ఆ రోజు ఆయన తమ్ముడు నౌషాద్, గేటు దగ్గర బస్సు హారన్ వినగానే వరుడితో సహా మగపెళ్లివారంతా దిగారనుకుని మూడు డేగిసాలూ ఒకేసారి మూసేశాడు. దిగింది వరుడి చుట్టాలే. వరుడి కారు చెరుకుపల్లి దగ్గర ఆగిపోయిందట, రావడానికి ఇంకో గంట. నిఖా కాకుండా మగపెళ్లివారికి వడ్డించడం అక్కడ మర్యాద కాదు.

హనీఫ్ గారు తమ్ముడి వైపు ఒక చూపు చూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల పేరు ఆ మూతల కింద ఉడుకుతోంది.

ఆస్మా మాత్రం అప్పుడే కదిలింది. "చిన్నాన్నా, మూడోదాని మీద నిప్పులు లాగెయ్. పొయ్యి మీంచి దించి, అంచు కాస్త తెరువు" అంది. చివరి బంతికి కూర్చోవాల్సిన వీధివాళ్లను ముందు కూర్చోబెట్టి మొదటి డేగిసా తెరిపించింది. తర్వాత వరుడి నాయనమ్మ ఇమాం బీ దగ్గరికెళ్లి, "నానమ్మా, మందులేసుకునే పెద్దవాళ్లు, చిన్నపిల్లలు పైగదిలో తినేయండి. మర్యాదకేం తక్కువ కాదు" అని బతిమాలింది.

"నాకూ ఆకలేస్తోందే తల్లీ. ఎవరూ అడగట్లేదు" అని ఆవిడ ముందే లేచింది.

రెండో డేగిసా అలా పైగదికి పోయింది. నిఖా అయి వరుడు కూర్చునేసరికి మూడోదాంట్లో మెతుకు మెతుకుకు అంటుకోలేదు.

హనీఫ్ గారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. "ఆ వరస ఎట్టా తట్టిందే నీకు?"

"నువ్వు చేసేదే కదా నాన్నా. మేడమ్ చెప్పేదీ ఇదే. దీన్నే ఆపరేషన్స్ అంటారు."

ఆయన నా వైపు తిరిగారు. "దీనికి కాలేజీలో చదువుందాండీ?"

"ఉందండి. తీసుకునేవాళ్లే లేరు."

ఆయన పొయ్యిల వైపు చూశారు. "ముప్పై ఏళ్లుగా పొగలో బతుకుతున్నాననుకున్నానండి. ఇది చదువుకునేంత పనని ఎవరూ చెప్పలేదు" అన్నారు. తర్వాత కూతురితో, "నీకిష్టమైందే రాయమ్మా" అన్నారు. నాకైతే అక్కడే గంతులెయ్యాలనిపించింది.

కొత్త సెమిస్టరులో మొదటి క్లాసు నేను చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, సుద్దముక్క పట్టుకుని, బోర్డు మీద మూడు సున్నాలు చుట్టి హనీఫ్ గారే చెప్పారు. ఆస్మా మొదటి బెంచీలో కూర్చుని, తలెత్తకుండా నోట్సు రాసుకుంది.