అరెస్టర్ గుంతకు ఆపిన నీళ్లు

ఈ సంగతి ఇన్నేళ్లు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. మా ఊళ్లో బడి లేక కాదు. బడి కొట్టంలో దొరగారి ఎడ్లను కట్టేవాళ్లు. రిటైరైన తరువాత, అరవై దాటాక, మా కోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. ఎడ్లు ఎంతవరకు చదివాయో తెలియదు.

1964 ఎండాకాలంలో మక్తల్ వైపు ఒక సబ్‌స్టేషన్‌లో నన్ను ఎన్ఎంఆర్ మీద తీసుకున్నారు. ఎన్ఎంఆర్ అంటే రోజుకూలీల పట్టీ. పని ఏడాదంతా ఉంటుంది, ఉద్యోగం మాత్రం ఉండదు. ఊరి పేరు రాయను. ఊడవడం, ఎర్త్ గుంతలకు నీళ్లు పోయడం నా పని.

లైను మీద పిడుగు పడ్డా, పెద్ద స్విచ్చి తెరిచినా, రెప్పపాటు కూడా కాని కాలంలో వోల్టేజి ఎన్నో రెట్లు ఎగిరి పడుతుంది. చదువుకున్నవాళ్లు దాన్ని ట్రాన్సియెంట్ అంటారు. ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్‌కు తగలకుండా, అరెస్టర్ అనే పింగాణీ స్తంభం దాన్ని భూమిలోకి దించాలి. భూమి తీసుకోవాలంటే తడిగా ఉండాలి. మా నేల సగం రాయి, సగం దుమ్ము. అందుకని గుంతలో ఇనుప పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, పొద్దున్నే గుంతకు నాలుగు బిందెల చొప్పున పోసేదాన్ని. విదేశాల నుంచి వచ్చిన సామానంతా ఆ బిందె మీద ఆధారపడి ఉందని ఏ పుస్తకంలోనూ రాయలేదట.

గుంతలు నాలుగు. పోసిన తరువాత ఆపరేటర్ నర్సిరెడ్డి రిజిస్టర్‌లో ఒక వరుస రాసేవాడు. దాని కింద నేను వేలిముద్ర వేసేదాన్ని.

ఆ ఏడు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, ఆయన దగ్గర ఎంఈ చదివే వెంకటేశం వచ్చారు. ట్రాన్సియెంట్‌ను భూమి ఎట్లా తీసుకుంటుందో చూడటం వాళ్ల చదువు. లెక్చరర్ నీడలో కుర్చీ వేసుకుని చదివేవారు, వెంకటేశం ఎండలో చదివేవాడు. నేలలో మేకులు దిగ్గొట్టి, మెగ్గర్ అనే పెట్టెకున్న పిడి తిప్పితే, కరెంటుకు నేల ఎంత అడ్డుపడుతున్నదో ముల్లు చూపిస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత మేలు.

మూడో రోజు సాయంత్రం లెక్చరర్ నన్ను పిలిచారు. ఆయనది కోస్తా మాట. "చూడమ్మా, ఆ మూల గుంతకి రేపట్నించి నీళ్లు పొయ్యకు. నేల సహజంగా ఎలా ఉంటుందో చూడాలి."

"ఆపరేటర్ సారుకు చెప్పిండ్రా?"

"నేను చెబుతాలే."

ఆ మూల గుంత అరెస్టర్‌ది. మిగిలిన మూడింటికి పోస్తూ వచ్చాను. నర్సిరెడ్డి అలవాటుగా రాసిందే రాశాడు, నేను వేసిందే వేశాను.

వెంకటేశం నల్గొండ దిక్కువాడు, మాట్లాడే మనిషి. రోజూ ఆ మూల గుంత అంకెకు గళ్ల కాగితం మీద ఒక చుక్క పెట్టి, పాత చుక్కతో గీత కలిపేవాడు. ఏమిటని అడిగాను.

"అడ్డంగ పోయేటివి దినాలు, అక్కా. గీత పైకి లేస్తే నేల ఎండుతాందన్నట్టు."

"ఎండిందని తెల్వనీకి గింత సామానా? కాలు పెడితే తెలుస్తది."

"కాలు పెట్టి తెలుసుకుంటే డిగ్రీ ఇయ్యరక్కా."

పదో రోజు మధ్యాహ్నం ఉరిమింది. వాన పడలేదు, పిడుగు పడింది. అరెస్టర్ దించబోయింది, భూమి తీసుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పింగాణీ మెడ పగిలి, నూనె అంటుకుని, సాయంత్రం దాకా కాలింది.

మరునాడు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, విచారణకు వచ్చారు. మూడు గుంతలు తడి, ఒకటి పొడి. రిజిస్టర్ తెరిచి పైకి చదివారు: "నాలుగు గుంతలకు నీళ్లు పోయడమైనది." నా వేలు అన్నాళ్లుగా ఏమని సాక్ష్యం చెబుతున్నదో నాకు అప్పుడు తెలిసింది.

"ముద్ర నీదే గదా, చంద్రమ్మా? మూలకు నడవనీకి బద్ధకమైందా? పేరు కొట్టేస్త."

నా భర్త పోయి రెండేళ్లు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామ. ఆ పట్టీలో పేరు తప్ప మాకు ఇంకొక ఆధారం లేదు. లెక్చరర్ సారే వద్దన్నారని చెప్పాను.

"సహజ స్థితిని గమనిస్తామన్నాను, అంతే. ఆవిడకి అర్థమై ఉండదు" అన్నారు లెక్చరర్. నర్సిరెడ్డి పైకప్పు వైపు చూశాడు. అంతకు ముందెన్నడూ దాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. వెంకటేశం చెప్పులు చూసుకున్నాడు. అతని డిగ్రీ లెక్చరర్ సంతకం మీద ఉంది. నేను తప్పు పట్టను.

"సారు, నాకు సదువు రాదు" అన్నాను ఏఈతో. "గా పిలగాని గళ్ల కాగితం జర తెప్పియ్యుండ్రి."

"అండ్ల నీకేం తెలుస్తది?"

"మూడు దినాలు గీత పండుకొని ఉంటది. నాలుగో దినం సంది లేస్తది. నేను పోస్తలేనని గీళ్లకు దినాం తెలుస్తనే ఉంది, దినాం రాసుకున్నరు. ఒక్కనాడన్న మీకు జెప్పిండ్రా? ఎందుకు జెప్పలేదో అడుగుండ్రి."

కాగితం వచ్చింది. గీత లేచిన చోట వెంకటేశం ఇంగ్లీషులో చిన్నగా ఏదో రాశాడు. ఏఈ తెలుగులో చెప్పారు: "సారు ఆదేశం మేరకు నీళ్లు ఆపడమైనది." అడుగున లెక్చరర్ సంతకం. శిష్యుడు పెట్టిన ప్రతి కాగితం మీద ఆయన చదవకుండానే సంతకం చేసేవారట. ఆ అలవాటు వేలిముద్రల వాళ్లకే ఉంటుందని నేను అనుకునేదాన్ని.

నా పేరు పట్టీలోనే ఉంది. తరువాత పర్మినెంటు అయ్యాను, అటెండరుగా రిటైరయ్యాను. రిపోర్టులో మాత్రం వానలు ఆలస్యమవడమే కారణమని రాశారు. ఆకాశాన్ని పిలిచి అడగడం కుదరదు కాబట్టి విచారణ ముగిసింది.

నోటిమాటగా వచ్చిన ఆర్డరుకు యజమాని ఉండడనీ, కాగితం మీది మాట ఎవరు రాసినా ముద్ర వేసినవాళ్లదే అవుతుందనీ నాకు తెలిసింది.

విచారణ జరిగిన మరునాడు పొద్దున లెక్చరర్ మళ్లీ వచ్చారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా లైనులో కరెంటు ఉండదు కనుక ఆ గుంతకు ఇంకొన్నాళ్లు నీళ్లు వద్దన్నారు. బిందె దించి, రాసి ఇమ్మన్నాను. రాశారు. ఆ కాగితాన్ని నర్సిరెడ్డితో ఒకసారి, లైన్‌మన్‌తో ఒకసారి, ఈ ఇద్దరితోనూ మాటలు లేని గేటు బయటి చాయ్ దుకాణం అతనితో ఒకసారి చదివించాను. ముగ్గురూ ఒకటే చదివారు. అప్పుడు బిందె ఎత్తుకుని మూడు గుంతలకు పోశాను.