టాంగాల అడ్డా నుంచి మిల్లు గేటు దాకా

నాకు రాయడం అరవై దాటాక వచ్చింది. బడికి పోవలసిన వయసులో నేను మా అమ్మ పక్కన, వనపర్తి పల్లీల మిల్లులో కూర్చున్నాను. ఆ మిల్లులో వయసు చూసేవాళ్లు కాదు, వేళ్లు చూసేవాళ్లు. పుచ్చు గింజను ఏరడానికి చిన్న వేళ్లు మంచివని మేస్త్రీ అనేవాడు. పెళ్లయ్యాక కూడా అదే మిల్లు, అదే చోటు. చదువు రాలేదే అన్న దిగులు కూడా పెద్దగా ఉండేది కాదు. ఊరంతా నా కాళ్లకు తెలుసు, తెలియనిది అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు.

ఒక్కసారి మాత్రం అక్షరం అవసరం పడింది. మిల్లులో ఇరవై ఏళ్లు నా పక్కనే కూర్చుని గింజలు ఏరిన అక్క ఒకామె ఉండేది. తోడబుట్టింది కాదు కానీ నాకు తోడబుట్టినదాని కంటే ఎక్కువ. మిల్లు మూతపడ్డాక ఆమె, ఆమె పెనిమిటి ఆత్మకూరు పక్కన తమ ఊరికి వెళ్లిపోయారు. రెండేళ్లకు నా పేరున ఒక కార్డు వచ్చింది. మా ఆయన మట్టిపనికి హైదరాబాదు పోయి ఉన్నాడు, వచ్చాక చదివిద్దాంలే అని దాన్ని తీగకు గుచ్చాను. ఆయన వచ్చి చదివి చెప్పేసరికి పక్షం రోజులు దాటాయి. అక్క పెనిమిటి చనిపోయాడని, పదకొండో రోజుకు రమ్మని అందులో ఉంది. అప్పటికి ఆ రోజు గడిచిపోయింది.

వెంటనే పోయి ఉంటే సరిపోయేది. పోవడానికి మొహం చెల్లలేదు. అక్క కూడా నా మాట ఎత్తడం మానేసిందని అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. వారాలు నెలలై, నెలలు ఏళ్లయ్యాయి.

మా వీధి అంగన్‌వాడీలో పిల్లలు మధ్యాహ్నం నిద్రపోతారు. ఆ గంటలో టీచరమ్మ నాకు అక్షరాలు నేర్పింది. గోడ మీది బొమ్మల పటాలు, పిల్లలు కొరికిన పలకలు, అవే నా పుస్తకాలు. ఒకరోజు ఆమె, "పెద్దమ్మా, ఇగ ఎవరికన్న ఒక ఉత్తరం రాయి" అంది. నాకు ఎవరికి రాయాలో ఆలోచించే పని పడలేదు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. బాధ గురించి రాయబోతే చేయి ఆగిపోయింది, ఇంటికి వచ్చే తొవ్వ గురించి రాయబోతే గడగడా సాగింది. అక్కకు నా కొత్త ఇల్లు తెలియదు కదా. చివరికి ఉత్తరం ఇలా తయారైంది:

"అక్కా, అప్పుడు కార్డు చదవరాక రాలేదు. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఒకసారి మా ఇంటికి రా. బస్టాండులో దిగి టాంగాల అడ్డా దగ్గర ఎడమకు తిరుగు. డేరా టాకీసు దాటు. గోలీసోడా కొట్టు దగ్గర కుడికి తిరుగు. మిల్లు ముందు గేటులో దూరి, వెనక గేటులో బయటికి వస్తే మూడో ఇల్లు మాది."

ఉత్తరం కింద రాసిన నంబరుకు, వారానికి అక్క కోడలు ఫోను చేసింది. "మా అత్త బేస్తారం నాడు పది గంటల బస్సుకు వస్తదంట. బస్టాండుకు ఎవ్వరు రావద్దంట. నేను సదివి చెప్పిన తొవ్వ పట్టుకొని తానే వస్తదంట." వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "ఇల్లు దొరక్కపోతే అదే బస్సుకు మర్లొస్త, మల్ల రాను. అది గూడ చెప్పు."

గురువారం పొద్దున నేను వంకాయలు తరుగుతూ, ఉత్తరం నకలు మా కోడలికి చదివి వినిపించాను. గొప్పకే అనుకోండి. పప్పు కడుగుతున్న ఆమె చేయి ఆపింది.

"అత్తమ్మా, టాంగాల అడ్డా అంటే యాడ?"

"బస్టాండు ముంగట."

"ఆడ సెల్ఫోన్ల దుకాండ్లు గదా ఉన్నయి. డేరా టాకీసేంది?"

నేను నకలును మళ్లీ చూసుకున్నాను.

"నేను కాపురానికొచ్చి పదిహేనేండ్లాయె. నువ్వు రాసినయి ఒక్కటి గూడ నేను సూడలే. మిల్లుకు గేటెక్కడిది, అది ఫంక్షనాలు గాదా?"

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. అవేవీ లేవని నాకు తెలియదా? రోజూ వాటి ముందు నుంచే కూరగాయలకు పోతాను. కానీ పెన్ను పట్టుకోగానే ఊరు తన పాత రూపంతోనే వచ్చి కాగితం మీద కూర్చుంది. గడియారం చూస్తే పదిన్నర దాటింది. అక్క కోడలికి ఫోను చేస్తే, అత్త పొద్దున్నే బయలుదేరింది, ఆమె దగ్గర ఫోను లేదు అని చెప్పింది. చెప్పులేసుకుని పరుగెత్తాను.

బస్టాండులో ఆత్మకూరు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. ఇక చేసేదేముంది, నా ఉత్తరం పట్టుకుని నేనే నడవడం మొదలుపెట్టాను.

టాంగాల అడ్డా ఉన్నచోట ఒక రాతి తొట్టి ఉండేది. గుర్రాలు అందులో నీళ్లు తాగుతుంటే ఆ చప్పుడు రోడ్డు అవతలికి వినబడేది. వాటిలో ఒక తెల్ల గుర్రం, దాని టాంగా ఎవరు ఎక్కినా ముందు మా మిల్లు గేటు దగ్గరికే వచ్చి ఆగేది, ఎందుకంటే అక్క రోజూ దానికి గుప్పెడు పల్లీలు పెట్టేది. దవాఖానకు పోవలసినవాళ్లు కూడా మా గేటు చూసి గాని దవాఖాన చూసేవాళ్లు కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తొట్టి పోయింది. ఇప్పుడు అక్కడ జ్యూసు బండి.

"ఒక్కతే ముసలామె ఎవరన్న గిట్ల వచ్చిందా నాయనా?" అని బండివాణ్ని అడిగాను.

"వచ్చింది. టాంగలేడున్నయని అడిగింది. గుర్రాలన్ని సచ్చిపోయినయంటే, నువ్వే సంపినవా అని నన్ను తిట్టి అట్ల పోయింది" అని ఎడమకు చూపించాడు.

నాకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

డేరా టాకీసు స్థలంలో మూడంతస్తుల సూపర్ మార్కెట్టు ఉంది. ఆ డేరాలో మేం ఇసుకలో కూర్చునేవాళ్లం, మిల్లు నుంచి పాత గోనె సంచి తెచ్చుకుని. గాలి వస్తే తెర బొద్దుగా ఉబ్బేది, దాని మీది వీరుడి పొట్ట కూడా ఉబ్బేది. అక్క సినిమా ఊరికే చూసేది కాదు. "ఏయ్, వాని మాట నమ్మకు, వాడు దొంగ" అని తెరలోని పిల్లకు అరిచి చెప్పేది. చుట్టూ ఉన్నవాళ్లు, "నీ ఆట సూడాల్నా, వాళ్ల ఆట సూడాల్నా" అని కసిరేవాళ్లు. వాన పడితే ఆట బంద్, మరునాడు చూపిస్తామనేవాళ్లు. అలా ఆగిపోయిన ఒక సినిమా చివర ఏమైందో మాకు ఈనాటికీ తెలియదు.

తలుపు దగ్గరి కాపలామనిషిని అడిగితే నవ్వాడు. "వచ్చింది పెద్దమ్మ. బిస్కెట్ల కాడ నిలబడి, ఈడ నేల క్లాసు ఉండె, నేను ఈన్నే కూసుంటుంటి అని నాకు సూపిచ్చింది."

గోలీసోడా కొట్టు ఇప్పుడు ఫ్లెక్సీలు వేసే దుకాణం. మిల్లు కూత వినబడగానే సోడా ఆయన సీసాలు వరసగా పెట్టేవాడు. మేం గోలీ నొక్కలేక వేళ్లు నొప్పి చేసుకుంటుంటే, అక్క బొటనవేలితో ఒక్క పోటు పొడిచేది, కీచుమని అరిచేది సీసా. పల్లీ దుమ్ము పట్టిన గొంతులోకి ఆ సోడా దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఫ్లెక్సీ దుకాణంలో మాత్రం ఆమెను ఎవరూ చూడలేదు. పక్క దుకాణంలోనూ చూడలేదు. కుడికి తిరగవలసిన చోట గుర్తు లేక, ముందుకే పోయిందేమో. లేదా కోపం వచ్చి వెనక్కే తిరిగిందేమో. పదకొండున్నరకు ఆ బస్సు మళ్లీ ఆత్మకూరు పోతుంది. బస్టాండుకు పోవాలా, ముందుకు పోవాలా అని ఆ మలుపులో కాసేపు నిలబడిపోయాను. చివరికి కాళ్లు అలవాటు కొద్దీ మిల్లు వైపే పోయాయి.

మిల్లు ఇప్పుడు ఫంక్షను హాలు. ముందు పొట్టు గుట్టలు ఉండే చోట కార్లు ఉన్నాయి. ఆ రోజు ఎవరిదో పెళ్లి, బ్యాండు మోగుతోంది. గేటు దగ్గర నుంచే నాకు ఆ గొంతు వినబడింది.

"జర వంకాయ కూర ఎయ్యి బిడ్డా. ఉప్పు తక్కువైంది గని మంచిగున్నది."

భోజనాల వరసలో, పెళ్లివాళ్ల మధ్య, అక్క పీటేసుకుని కూర్చున్నట్టు కూర్చుని ఉంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ముసలిదానివైనవ్" అంది.

"నువ్వు పడుసుదానివా?"

"ముందు గేట్ల దూరమని రాస్తివి, దూరిన. ఎనక గేటు లేకపాయె, గోడ కట్టిండ్రు. గోడ దునకమంటవా? అందుకే కూసున్న. నీ ఉత్తరంల తప్పుగని నా నడకల తప్పు లేదు."

"పిలువని పెండ్లిల బువ్వ తింటున్నవేందక్కా?"

"అడిగిండ్రు, పిల్ల దిక్కోళ్లా, పిల్లగాని దిక్కోళ్లా అని. మిల్లు దిక్కోళ్లమని చెప్పిన. కూసో అన్నరు."

వడ్డించే అమ్మాయి నా ముందు కూడా విస్తరి వేసింది. వద్దనలేదు. పెళ్లికూతురు కూర్చున్న వేదిక సరిగ్గా పొట్టు తీసే యంత్రం ఉన్నచోటే ఉందని అక్క చూపించింది. మేం గింజలు ఏరిన వరండాలో ఐస్‌క్రీములు ఇస్తున్నారు.

సగం తిన్నాక నేనే మొదలుపెట్టాను. "అక్కా, ఆ కార్డు..."

"ఉత్తరంల రాస్తివి గద."

"చదవరాలేదని అప్పుడే వచ్చి చెప్పకపోతి."

అక్క చాలాసేపు అన్నం కలిపింది. "నాకు చదువు రాదు, నీకు చదువు రాదు. మనిద్దరి నడుమ కార్డేసుడేంది? మనిషిని పంపాలె. ఆ బుద్ధి నాకు లేకపాయె. ఇంతకాలం నిన్నొక్కదాన్నే తిట్టిన." తల ఎత్తకుండానే, "పెరుగు పోయించుకో" అంది. తరువాత, "మరి నా ఇంటికి ఎప్పుడొస్తవ్?" అని అడిగింది.

ఫంక్షను హాలు చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లాం. మా కోడలు అక్కకు చాపేసింది, వంకాయ కూర మళ్లీ వడ్డించింది, అక్క మళ్లీ తిన్నది. సాయంత్రమంతా ఇద్దరం ఆ సినిమా చివర ఏమై ఉంటుందో వాదించుకున్నాం.

మరునాడు పొద్దున అక్కతో కలిసి ఆత్మకూరు బస్సెక్కాను. వాళ్ల ఇంట్లో, గోడకున్న ఆయన ఫోటో ఎదురుగా చాప మీద కూర్చున్నాను. ఆ పదకొండో రోజు కూర్చోవలసినట్టే కూర్చున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుని, ఆయన ఎలా పోయాడో మొదటి నుంచి చెప్పింది. నేను మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా విన్నాను.