బిట్సిల్లీ వాళ్ళ పిల్లకు పీచు

సర్ర్... సర్ర్... ఎండిన పీచును అరచేతుల మధ్య నలుపుతున్న చప్పుడు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళకు ముందు అదే వినిపించేది. కొమ్మల పందిరి కింద కూర్చున్న గ్లెనిబా ఆ తర్వాత కనిపించేది.

గుట్ట వాలంతా పొదలు. ఆకు చేదు, పువ్వు మీగడ రంగు, వాసన తేనె. అమెరికా మూలవాసులైన నవాహోల మాటలో ఆ పొద పేరూ పసిపిల్ల ఉయ్యాల పేరూ ఒకటే. ముసలి కాండం మీద బెరడు పేలికల్లా వేలాడుతుంది. దాన్ని ఒలిచి, దూదిలా మెత్తబడేదాకా నలిపి ఉయ్యాలలో పరిస్తే పిల్ల తడిని అది పీల్చుకుంటుంది. నలభై ఏళ్ళుగా ఆ లోయలో పుట్టిన పిల్లలంతా గ్లెనిబా నలిపిన పీచు మీదే పడుకున్నారు.

ఒకటే పట్టు ఆమెది. పిల్ల పుట్టి ఏడ్చిందని ఎవరైనా వచ్చి చెప్పాకే పొద దగ్గరికి వెళ్ళేది. తన తొలిచూలుకు మాత్రం ఆశకొద్దీ ముందే ఒలిచి పెట్టుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. ఆ సంగతి మనవరాలు వెర్నాకు ఒక్కసారే చెప్పింది, ఉన్ని చిక్కు తీస్తూ, తల ఎత్తకుండా.

ఈ వసంతంలో గ్లెనిబా ఊపిరితిత్తులు చెడ్డాయి. వెర్నాకు ఏడో నెల. కాన్పుదాకా ముసలామె ఉండదని డాక్టరు వెర్నాను పక్కకు పిలిచి చెప్పాడు. నా బిడ్డకు ఇప్పుడే కాస్త నలిపి పెట్టమని వెర్నా బతిమాలింది. అమ్మమ్మ నవ్వింది.

"నీకంటే ముందు నీ కడుపే గుమ్మం దాటుతోంది. తల్లీబిడ్డలిద్దరికీ తొందరే."

మర్నాడు వెర్నా తనే గుట్టెక్కి బెరడు ఒలుచుకొచ్చి, పందిరి కింద పడుకున్న అమ్మమ్మ పక్కన పెట్టింది.

"ఎవరి పిల్లకే?"

"బిట్సిల్లీ వాళ్ళ మనవరాలికి. నిన్న పుట్టింది."

"ఏడ్చిందా?"

"లోయంతా వినపడేట్టు."

గ్లెనిబా లేచి కూర్చుని గుప్పెడు పీచు తీసుకుంది. కాసేపు నలపడం, కాసేపు ఊపిరి కూడగట్టుకోవడం. మధ్యలో ఆ పిల్ల కబుర్లు అడిగింది. జుట్టు ఒత్తుగా ఉందా, పాలు తాగుతోందా అని. వెర్నా నోటికొచ్చినట్టు చెబుతూ పోయింది.

"ముక్కు ఎవరిది?"

"నీదే, అమ్మమ్మా."

అన్నాక గానీ తెలియలేదు, ఏమందో. ముసలామె చేతులు ఆగిపోయాయి. ఒళ్ళోని పీచు వంక చాలాసేపు చూసింది. దాన్ని విసిరికొడుతుందేమోనని వెర్నా కొంగలా మెడ చాచి చూస్తూ నిలబడింది. పువ్వుల వాసన గాలికి వచ్చి పోయింది. గ్లెనిబా ఇంకో గుప్పెడు తీసుకుంది.

మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం పిండిసంచీ నిండింది. మూతి కట్టడానికి వేళ్ళు సహకరించకపోతే పళ్ళతో ముడి బిగించి, సంచీని మనవరాలి చేతుల్లో పెట్టి వెనక్కి వాలింది. వెర్నాతో ఆమె ఆడిన ఆఖరి మాట అప్పటిదే.

"బిట్సిల్లీ వాళ్ళ పిల్లతో చెప్పు, తొందరేం లేదని. నెలలు నిండాకే రమ్మను."