పోలా నాడు కొలిచిన వేగం

తెలంగాణ వేరుపడిన ఏడు, మహారాష్ట్ర వైపు కోర్పనా రోడ్డును వెడల్పు చేస్తామని నాగపూర్ నుంచి ఇంజనీర్లు వచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ సరిహద్దు దారిలో ఎన్ని బండ్లు తిరుగుతాయో ఇప్పుడే చెప్పేస్తామన్నారు. అందుకు ఇవాళ్టి వేగం తెలిస్తే చాలట. తొందరగా చేరే దారికే జనం మళ్లుతారట. ఈ మాట చెప్పడానికి అంత చదువు కావలసి వచ్చింది.

సమ్మన్నది రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల నాలుగెకరాల పత్తి చేను. వేగం ఎక్కువని తేలితే రోడ్డు మధ్య డివైడర్ కట్టేస్తారు. ఇక ఎడ్లబండి దాటాలంటే మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. బడికి పోని సమ్మన్న, ఆవర్‌పూర్ సిమెంటు లారీ ఖాళీదో నిండుదో చప్పుడును బట్టే చెప్పేవాడు. ముందు పత్తిబండి ఉంటే అది ఎంత నెమ్మదిస్తుందో కూడా ఆయనకు తెలుసు.

అనంతరావు అనే ఇంజనీరు గొడుగు కింద కుర్చీ వేసుకుని వేగం కొలిచే మిషన్ పెట్టింది సరిగ్గా పోలా పండుగ నాడు. రోడ్డంతా ఖాళీ. లారీలు ఎగిరిపోతున్నాయి. ఎడ్ల కొమ్ములకు రంగు పూస్తున్న సమ్మన్న చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు.

"సారూ, గియ్యాల ఎడ్లకు పండుగ. ఎవ్వలు కాడి కట్టరు. రేపు రాండ్రి, అసలు నడక సూపిస్త."

మిషన్‌కు పండుగలుండవని అనంతరావు నవ్వాడు. మర్నాడు పొద్దున్నే లాడ్జి ఖాళీ చేయాలట, అదీ సంగతి.

లెక్క తేలింది. సగటు వేగం గంటకు యాభై ఎనిమిది కిలోమీటర్లు, ఎడ్లబండ్లు సున్నా. చలికాలంలో తాలూకా ఆఫీసులో అభ్యంతరాలు వింటామంటే ఊరివాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంతకు ముందు చెట్టు కింద అరిచిన వాళ్లంతా వాళ్లే. సమ్మన్న ఒక్కడే ముందుకు వెళ్లి తహసీల్దారును అడిగాడు.

"మా ఊర్లె ఒక్క బండి లేదని రాసిండ్రు. మరి మా పత్తి జిన్నింగు మిల్లుకు ఎట్లొస్తుంది సారు, ఎగిరొస్తుందా?"

తహసీల్దారు కాగితం మీది తేదీ చూశాడు. ఆ రోజు ఆయన తన ఇంట్లో ఎడ్లకు హారతి పట్టాడు. అనంతరావు వైపు తిరిగి, మళ్లీ కొలవమన్నాడు.

పత్తి తీసే రోజుల్లో కొలిస్తే సగటు ఇరవై నాలుగుకు దిగింది. ఇరవై ఏళ్ల భవిష్యత్తు ఒక్క వారంలో మారిపోయింది. డివైడర్‌లో బండ్లకు సందు వదలాలని తేల్చారు. నివేదికలో మాత్రం, నిపుణులు తమ లెక్కల పద్ధతిని మరింత మెరుగుపరిచారని రాసుకున్నారు.

అందులో తన పేరు లేదని ఎవరో చెబితే సమ్మన్న పట్టించుకోలేదు. సందు ఏడ పెడుతుండ్రని మాత్రం అడిగాడు. చేనుకు ఎదురుగానే అని తెలిశాక బండి కట్టడానికి లేచాడు.