పేరు లేని గోలు

డ్రైవరన్న పోయారన్న కబురు నాకు మర్నాడు ఉదయం లుసైల్‌లో, ఆఫీసులో ఉండగా తెలిసింది. ఆయన పనిచేసే ఇంట్లోని వంటమనిషి ఫోన్ చేశాడు. "సార్, అన్న నిన్న సాయంత్రం గ్రౌండు కాడ కారులోనే పోయినాడు. ఆట అయిపోయి పిల్లోళ్ళు వచ్చి అద్దం కొట్టినారంట. నిద్రపోతాండాడనుకున్నారంట."

ఆయనది కడప జిల్లా. అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ కుటుంబానికి ఇరవై రెండేళ్ళు కారు నడిపారు. మా అమ్మాయి ఫుట్‌బాల్ నేర్చుకునే మైదానానికే ఆ ఇంటి పిల్లల్నీ తెచ్చేవారు. అలా వారానికి మూడు సాయంత్రాలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఆయన పోయిన రోజు మాత్రం నేను వెళ్ళలేదు. తువ్వాలుతో దుమ్ము దులిపేటప్పుడు నా చోటు కూడా దులిపేవారు. ఆట ఎప్పుడవుతుందా అని నేను విసుక్కుంటే, "డ్రైవరు పనంటే నడిపేది కాదు సార్, కాసుకోని ఉండేది," అనేవారు.

బంతి గీత దాటి వస్తే చేత్తో తీసి ఇచ్చేవారు. కాలితో ఎప్పుడూ తన్నలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"మా అబ్బ ఆడినాడు సార్. నాకు రాదు."

అబ్బ అంటే వాళ్ళవైపు తాత. తెల్లదొరల కాలంలో ఒక కాలేజీలో బంట్రోతు. మైదానంలో గడ్డి కోసి, సున్నంతో గీతలు గీసేవాడట. ఒక ఏడాది కాలేజీ జట్టు ఆఖరి ఆట దాకా ఆడిన ప్రతి ఆటా గెలిచింది. ఆఖరి ఆట రోజున ఒక విద్యార్థి జ్వరంతో పడిపోతే, ఇంకెవరూ దొరక్క అబ్బను దించారు. జట్టు రెండు గోల్స్ ఇచ్చుకుని ఓడిపోయింది. కొట్టిన ఒక్క గోలూ అబ్బదే, వట్టి కాళ్ళతో. మర్నాడు జట్టుకు ఫోటో తీసేటప్పుడు అబ్బను బెంచీలు మోయమన్నారట.

"కాలేజీ పుస్తకంలో రాసింటారా సార్, మా అబ్బ పేరు?"

ఆ కాలేజీలో నా మిత్రుడొకడు పాఠాలు చెబుతాడు. కాలేజీ పత్రిక పాత సంచికలు వెతికి, ఆ పేజీని ఫోన్‌లో పంపాడు. అందులో అబ్బ పేరు లేదు. ఒకరికి జ్వరం రావడంతో మనవాళ్ళు పదిమందితోనే ఆడారని ఉంది.

మూడు వారాలు ఆయనకు చెప్పలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పేరుందని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. కానీ ఆయన ఎదురుగా కూర్చున్నాక అబద్ధం నోట రాలేదు.

"పదిమందే అని రాసినారా?" అడిగారు. "మరి గోలు?"

"గోలు రాశారన్నా. ఎవరు కొట్టారో రాయలేదు."

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. "గోలుంది కదా సార్. చాలు."

ఆ తర్వాత ఆయన నోట అబ్బ మాట నేను వినలేదు. పిల్లల చదువులు, ఊళ్ళో వానలు, ఇవే మాట్లాడేవారు. నిజం చెప్పి ఆయన దగ్గరున్న ఒక్క ఆస్తినీ లాగేసుకున్నానేమోనని లోపల కుమిలిపోయాను. క్షమించమని అడగాలనుకుంటూనే రెండు నెలలు గడిపేశాను. ఇక అడగడానికి మనిషి లేరు.

శవపేటిక ఊరికి చేరిన మర్నాడు ఆయన భార్యకు ఫోన్ చేశాను.

"ఆ కాగితం చదివి చెప్పింది మీరేనా సార్?" అందామె. "వాళ్ళబ్బ గోలు పుస్తకంలో అచ్చయిందని ఊరంతా ఫోన్లు చేసి చెప్పినాడు. పేరు లేదని మాత్రం నాకొక్కదానికే చెప్పినాడు. ఆ దినం ఏడ్చినాడు సార్."



శుక్రవారం ఆయన సామాను సర్దడానికి వెళ్ళాను. గేటు పక్కన చిన్న గది. ఏసీని ఎవరూ ఆపలేదు. ఖాళీ మంచాన్ని అది ఆరు రోజులుగా చల్లబరుస్తూనే ఉంది. బయట గోడకున్న ఏసీ గొట్టం నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారి, మండుటెండలో అరచేతంత తడి అయింది. కిటికీలోంచి చూస్తే అక్కడ రెండు పిచ్చుకలు తల వంచి నీళ్ళు తాగుతున్నాయి. ఏసీ స్విచ్చి మీద వేలు పెట్టి, నొక్కకుండా, అవి ఎగిరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.