పువ్వుల అంచు లేని డిస్కు

డిగ్రీ పూర్తయిన ఏడాది జూన్‌లో నెల్లూరులో ఒక మహిళా న్యాయవాది ఆఫీసులో టైపిస్టుగా చేరాను. పోయిన నెలాఖరున మానేశాను. మధ్యలో గడిచింది ఐదేళ్ళే. రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. అయినా ఆ పని ముగిసింది, అలసట మిగిలింది. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు కాబట్టి డైరీలో రాసుకునే అలవాటుంది. చేరిన రెండో ఏడాది సంగతి ఒకటి ఆ పేజీలు చూసి రాస్తున్నాను.

ఆఫీసులో మేము ముగ్గురం. మేడం, గుమస్తా చెంచయ్య గారు, నేను. దావా కాగితాలు టైపు చేయడం నా పని. వాటిని కోర్టు ఆఫీసులో దాఖలు చేసి నంబరు తెచ్చుకోవడం చెంచయ్య గారి పని. ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసు. కంప్యూటర్‌ను చెయ్యి తగిలితే కరిచే జంతువులా చూసేవారు.

ఆ సంవత్సరం ఇందుకూరుపేట మండలంలోని ఒక పాళెం నుంచి కామాక్షమ్మ అనే ఆమె వచ్చింది. పాళెం అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఒడ్డున పడవల దగ్గర చేపలు కొని, గంపల్లో రోడ్డు దాకా మోసుకొచ్చి బస్సెక్కి అమ్ముకునే ఆడవాళ్ళలో ఆమె పెద్దది. ఒడ్డుకూ రోడ్డుకూ నడుమ ఉన్న బాటకు అడ్డంగా ఒక రొయ్యల గుంటల యజమాని కంచె వేశాడు. అక్కడ ఎప్పుడూ బాటే లేదని అతని వాదన. చుట్టూ తిరిగి రావాలంటే అరగంట పైన పడుతుంది. మొదటి బస్సు దొరకదు. మొదటి బస్సు దొరక్కపోతే చేప మెత్తబడుతుంది.

కామాక్షమ్మ ఫోన్‌లో ఒక వీడియో ఉంది. కంచె వేయకముందు తీసింది. తెల్లవారే వేళ పదిమంది ఆడవాళ్ళు గంపలెత్తుకుని వరసగా నడిచి వస్తుంటారు. కింద బండి చక్రాల గాడి స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె దాన్ని సాక్ష్యం కోసం తీయలేదు, తోటివాళ్ళను ఆటపట్టించడానికి తీసింది. అందులో ఒకామె గొంతు వినిపిస్తుంది: "ఒసే కామాక్షీ, నన్ను తియ్యబాకే. రవిక చినిగుండాది." ఈమె జవాబు: "చినిగిన రవికను చూసేదానికి ఎవురొస్తారే, ఈ బాటన మనం తప్ప పురుగు కూడా రాదు."

బాట ఉండేదని చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే.

కోర్టుకు వీడియోను డిస్కులో ఇవ్వాలి. ఒకటి కోర్టుకు, ఒకటి ఎదుటివాళ్ళకు. ఆఫీసు కంప్యూటర్‌లో డిస్కు చూసే డ్రైవే ఉంది, రాసేది లేదు. ఊళ్ళో స్టూడియోలో చేయిస్తే సరిపోతుందని చెంచయ్య గారు అన్నారు. సాక్ష్యం బయటివాళ్ళ చేతికి ఇవ్వనని మేడం అన్నారు. మా ఇంట్లో, మూతబడిన ఒక నెట్ సెంటర్ నుంచి నాన్న కొన్న పాత కంప్యూటర్ ఉంది. దానికి డ్రైవు ఉంది. ఆ మాట నేనే చెప్పాను. అంతవరకు ఆఫీసులో నా అంతట నేను నోరు విప్పి చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను.

కామాక్షమ్మను మా ఇంటికి తీసుకెళ్ళి, ఫోన్‌కు వైరు తగిలించి వీడియోను దించుకున్నాను. ఆమె మంచినీళ్ళు తాగి, "ఇంక ఇది ఏమన్నా పోతుందా బిడ్డా?" అని అడిగింది. "పోదమ్మా, నా దగ్గర భద్రంగా ఉంది" అన్నాను.

ఇక డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ కావాలి. డబ్బు పెట్టి కొనే ఆలోచన ఎవరికీ లేదు. ఉచితం అని వెతికితే లెక్కలేనన్ని వచ్చాయి. అన్నీ తామే మంచివని చెప్పుకున్నాయి. మొదట దించినది తనతో పాటు అడగని సామాను మూడు రకాలు తెచ్చి పెట్టింది. దాన్ని వదిలించుకోవడానికే ఒక పూట పట్టింది. రెండోది చూడటానికి బాగుంది. ఏ టీవీలోనైనా, ఏ ప్లేయర్‌లోనైనా ఆడే డిస్కు మూడు నొక్కుల్లో తయారవుతుందని రాసి ఉంది. కోర్టులో ఏ యంత్రం ఉందో నాకు తెలియదు, కాబట్టి అదే మేలనుకున్నాను. మూడు నొక్కులు నొక్కాను. డిస్కు బయటికి వచ్చింది.

ఆఫీసులో పెట్టి చూపించాను. మొదట ఒక తెర వచ్చింది. చుట్టూ గులాబీ పువ్వుల అంచు, నడుమ చిన్న బొమ్మలో కామాక్షమ్మ తోటివాళ్ళు. వెనకాల వీణ సంగీతం. చెంచయ్య గారు ముచ్చటపడి, "బలే చేసినావు పాపా, పెళ్ళి క్యాసెట్టు మాదిరుండాది" అన్నారు. మేడం ఆ రోజు వేరే కోర్టులో ఉన్నారు. ఆయన తీసుకెళ్ళి దాఖలు చేశారు.

నాలుగో రోజున కాగితాలు తిరిగి వచ్చాయి. కోర్టు ఆఫీసు ఏదైనా లోపం కనిపిస్తే దాన్ని వెనక రాసి, సరిచేసి తెమ్మని గడువుతో తిప్పి పంపుతుంది. దాన్నే రిటర్న్ అంటారు. మాకు ఇచ్చిన గడువు ఏడు రోజులు. లోపాలు రెండు. వీడియో మార్చినట్టుగా ఉంది, మార్పు లేని నకలు పెట్టండి. నకలు సరైనదేనని, కంప్యూటర్ ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు సంతకం చేసిన సర్టిఫికెట్ లేదు.

మేడం డిస్కును మొత్తం చూశారు. ఆ ప్రోగ్రాం వీడియోను తన పద్ధతిలోకి మార్చుకుంది. తేదీ మారింది. బొమ్మ నాణ్యత తగ్గి చక్రాల గాడి మసకబారింది. సంగీతం కింద ఆడవాళ్ళ మాటలు మునిగిపోయాయి. మూలన ప్రోగ్రాం పేరు కూడా ఉంది. ఆమె నన్ను తిట్టలేదు. "ఎదుటి వకీలు చెయ్యాల్సిన పని మనమే చేసి పెట్టాం" అన్నారు. కామాక్షమ్మను ఫోన్‌తో రమ్మని కబురు పంపారు.

ఆమె మర్నాడే వచ్చింది. ఫోన్‌లో వీడియో లేదు.

"తీసేసినాను" అంది. "ఫోన్ నిండిపోయుండాది. రోజూ చేపల ఫోటోలు పంపాల వ్యాపారస్తులకు. నువ్వు చెప్తివి కదా బిడ్డా, నీ కాడ భద్రంగా ఉండాదని."

నిష్ఠూరంగా అనలేదు. నేను చెప్పిన మాటను నాకు గుర్తు చేసింది, అంతే. చెంచయ్య గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఇంటికి వెళ్తూ బస్సులో ఒకటే ఆలోచన. మొదటి డిస్కు రాశాక ఆ ప్రోగ్రాం, అక్కర్లేని ఫైళ్ళు తీసెయ్యనా అని అడిగింది. సరేనన్నాను. అది ఏమేం తీసేసిందో నాకు తెలియదు. కంప్యూటర్ తెరుచుకోవడానికి ఎప్పుడూ పట్టే ఐదు నిమిషాలే పట్టింది. ప్రోగ్రాం తీసింది తన తాత్కాలిక ఫైళ్ళను మాత్రమే. ఫోన్ నుంచి దించినది దించినట్టే ఉంది. తేదీ మారలేదు. అది నా జాగ్రత్త వల్ల మిగల్లేదని ఆ రోజే డైరీలో రాసుకున్నాను.

ఈసారి ఆదివారం మధ్యాహ్నం అంతా కూర్చుని ఒక్కో ప్రోగ్రాం షరతులు చదివాను. నవలలు చదివే అలవాటు అక్కడ పనికొచ్చింది. పొడుగు వాక్యాలకు భయపడను. ఒకటి ఇంటి వాడకానికే ఉచితం, వృత్తి పనికి వాడితే కొనాలి. కంప్యూటర్ ఇంట్లో ఉన్నా పని ఆఫీసుది, కాబట్టి అది వద్దు. ఇంకొకటి పదిహేను రోజుల తర్వాత డబ్బు అడుగుతుంది. చివరికి ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. బూడిద రంగు కిటికీ, నాలుగు బొత్తాలు, ఏ పనికైనా ఉచితం. అది ఫైలును ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు డిస్కు మీద రాస్తుంది. రాశాక అసలు ఫైలుతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఇంకేమీ చేర్చడానికి వీల్లేకుండా డిస్కును మూసేస్తుంది. వేగం అన్నిటికన్నా తక్కువ పెట్టి, ఒకసారి మాత్రమే రాయగలిగే డిస్కులు మూడు చేశాను, మూడోది ఆఫీసులో ఉంచడానికి. మూడూ తీసి, మళ్ళీ పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చూశాను.

సర్టిఫికెట్ మేడం తయారు చేశారు. కంప్యూటర్ నాది, నకలు తీసింది నేను, కాబట్టి సంతకం నాది. మొదటి డిస్కులో జరిగిన పొరపాటును కూడా అందులో రాయించారు. దాస్తే రెండో డిస్కును కూడా ఎవరూ నమ్మరని చెప్పారు. గడువులోపలే చెంచయ్య గారు మళ్ళీ దాఖలు చేసి నంబరు తెచ్చారు.

ఎదుటివాళ్ళు ఇది పుట్టించిన వీడియో అన్నారు. సంతకం చేసిన మనిషిని పిలవమన్నారు జడ్జి గారు. వాయిదా రోజున నిలబడ్డాను. నా గొంతు వినపడటం లేదని జడ్జి గారు రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు. ఎదుటి వకీలు గారు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం ఏమిటని అడిగారు. నమ్మకంతో కాదండీ, పోల్చి చూశానని చెప్పాను. మరి మొదటి డిస్కు మాటేమిటన్నారు. అది చేసేటప్పుడు పోల్చలేదు, తప్పు నాదేనన్నాను. ఆయన కాగితాలు సర్దుకున్నారు.

వీడియో వేశారు. చినిగిన రవిక మాటకు కోర్టు హాల్లో నలుగురు నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. చక్రాల గాడి దగ్గర ఆపించి చూశారు.

కేసు తేలే వరకు బాట వదలాలని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. కంచెలో రెండు గంపలు పక్కపక్కన పట్టేంత సందు తీశారు. దావా ఇప్పటికీ నడుస్తోంది. కామాక్షమ్మ వాయిదాలకు వస్తూనే ఉంది. ఒకసారి ఎండ్రకాయలు తెచ్చి ఇచ్చింది. వీడియో సంగతి ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్నో డిస్కులు రాశాను. ఎన్నో సర్టిఫికెట్ల మీద సంతకం చేశాను. నేను తీయని నకలు మీద మాత్రం సంతకం చేయనని ఒకసారి చెంచయ్య గారితోనే చెప్పాల్సి వచ్చింది. ఈ పనిలో నేర్చుకున్నది తక్కువే. నకలు అందంగా వచ్చిందంటే ఎక్కడో ఏదో మారిందని అర్థం. ఎవరైనా ఫోన్ ఇచ్చి, పోదు కదా అని అడిగితే, పోవచ్చు, మీ దగ్గర ఉన్నది తుడపబాకండి అని చెప్పేదాన్ని. ఆ మాట వాళ్ళకు నచ్చేది కాదు. అయినా అదే చెప్పేదాన్ని.